కొత్త గొంతు

రోహిణి కార్తె, మొదట్లో

నాకు నోరెక్కువ అని మా పెంటలో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. నా నోట్లో నువ్వుగింజ నానదని, నన్ను వేటకు పంపితే ఊరంతటికీ ఒకేసారి దినాలు పెట్టుకోవాల్సి వస్తుందని మా అమ్మ ఉన్నన్నాళ్ళూ భయపడింది. అయినా వేటకు వెళ్ళేది నేనే. విల్లు పడితే ఇక్కడ నా అంత సూటిగా కొట్టేవాళ్ళు లేరు మరి. కంచె దాటిన దగ్గర్నుంచి తిరిగి లోపలికి వచ్చేదాకా ఒక్క మాట పలకకూడదు. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకోవాలి. తేలు కుట్టినా అమ్మా అనకూడదు. అలా పొద్దంతా మింగిన మాటలు కడుపులో ఊరికే ఉంటాయా? అందుకే రాయడం మొదలుపెట్టాను.

నా పేరు సుంకులమ్మ. ఉండేది నల్లమల లోపల ఏగిసపెంటలో. పెంట అంటే ఊళ్ళవాళ్ళు ముక్కు మూసుకునేవారట, మాకు మాత్రం నాలుగు గుడిసెలున్న చోటు. ఊళ్ళవాళ్ళు ఇప్పుడు లేరు, మేం ఉన్నాం.

ఈ రోజు పొద్దున్నే కంచె పలకలు తుడిచాను. ఎండ తాగి కంచె తీగకు కరెంటు ఇచ్చేవి అవే. తర్వాత పోయినసారి మాంసం వరుగులు ఎండలో తిప్పి వేశాను. బాణాలకు ఈకలు కట్టాను. బూడిద జల్లెడ పట్టి రెండు చిన్న సంచుల్లో నింపాను, ఒకటి నాకు, ఒకటి మా ఆయనకు. అడవిలో చిటికెడు బూడిద వదిలితే గాలి ఎటు పోతోందో తెలుస్తుంది. గాలి తెలియకుండా వేటకు వెళ్ళేవాడు వేటకు వెళ్ళినట్టు కాదు, విందుకు వెళ్ళినట్టు. విందు వాడే.

మా ఆయన పేరు నోటితో చెప్పకూడదు, రాయొచ్చనుకుంటాను. ఓబులేసు. బెల్లం కొట్టిన రాయి. నేను పది మాటలంటే ఒక ‘ఊఁ’ వస్తుంది, అదీ పండగ పూట. కానీ పాల చెట్టు ఆకు మడిచి పెదాల మధ్య పెట్టుకున్నాడంటే తల్లి తప్పిపోయిన దుప్పిపిల్ల ఏడ్చినట్టే ఉంటుంది. ఆయన పిలుస్తాడు, నేను కొడతాను. మేం పిలిచేది దుప్పుల్ని కాదు. గొంతుదొంగల్ని.

గొంతుదొంగ చూపులకు అడవిలో తిరిగే రేసుకుక్కే. అదే ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోక. మా తాతల కాలంలో పులులు అయిపోయి, దుప్పులు పెరిగి చేలన్నీ మేసేస్తుంటే, ఎవరో బాగా చదువుకున్నవాళ్ళు రేసుకుక్క గొంతులో ఏదో మార్చి అడవిలో వదిలారట. దుప్పిపిల్లలా ఏడ్చి తల్లిని రప్పించి చంపుతుందని. చంపింది. తర్వాత మేకపిల్లలా ఏడవడం నేర్చుకుంది. ఆ తర్వాత మనిషి పిల్లలా ఏడవడం నేర్చుకుంది. ఊళ్ళు ఎందుకు ఖాళీ అయ్యాయో నేను వేరే చెప్పక్కర్లేదు.

అది ఒకసారి విన్న గొంతు మరిచిపోదు. దాని పిల్లలు దాని దగ్గర నేర్చుకుంటాయి. అందుకని కంచె బయట ఎవరైనా మాట్లాడితే ఆ గొంతు ఇక వాటిదే. కంచె లోపలైనా బయటికి వినబడకుండా మెల్లగానే మాట్లాడాలి. ఆ మనిషి లోపల కూడా మళ్ళీ నోరు విప్పకూడదు. ఆ మనిషి మానేస్తే, ఆ గొంతు ఎప్పుడు వినబడినా అది మృగమేనని అందరికీ తెలుస్తుంది. దాన్నే మేం గొంతు పోవడం అంటాం. మా పక్కింటి కాశమ్మ పెద్దమ్మకు అలాగే పోయింది. వాగు దగ్గర ఒకసారి కోడల్ని కేకేసింది, అంతే. ఆ కోడలు ఎప్పుడో చచ్చిపోయింది, కాశమ్మ ఇప్పటికీ చేతులతోనే మాట్లాడుతుంది.

నాకైతే అలాంటి బతుకు వద్దు. గొంతు పోయేకంటే ప్రాణం పోవడం నయం.

రోహిణి కార్తె, వడగాలి రోజు

ఈ రోజు మంచి రోజు. ఒక గొంతుదొంగ, ఒక దుప్పి.

ముందు గొంతుదొంగను కొట్టాకే దుప్పి జోలికి వెళ్ళాలి. దుప్పి నెత్తురు నేల మీద పడిందంటే అవి వెనక నుంచి వస్తాయి, అప్పుడు మోసుకొస్తున్న దుప్పితో పాటు మనమూ పోతాం. మడుగు పక్కన ఆయన ఒక బండ చాటున కూర్చుని ఆకు పెదాల మధ్య పెట్టుకున్నాడు. గొంతుదొంగ నేరుగా రాదు. వాసన పట్టడానికి గాలివాటున చుట్టు తిరిగి వస్తుంది. బూడిద వదిలి చూసుకుని, అది తిరిగి వచ్చే దారికి పక్కగా నేను పొదలో కూర్చున్నాను. దాని ధ్యాసంతా పిలిచేవాడి మీద ఉంటుంది, కొట్టేవాళ్ళ మీద ఉండదు. మా వేటకు ఉన్న కిటుకు అదొక్కటే.

ఆయన ముందుపన్ను ఒకటి చిన్నప్పుడే విరిగింది. అందుకని ఆ ఏడుపు మధ్యలో ఒక చోట చిన్నగా తెగుతుంది. దుప్పిపిల్ల వెక్కినట్టు ఉంటుంది. అది విన్నప్పుడల్లా నాకే జాలేస్తుంది, చంపేదాన్ని నేనయ్యుండి.

వచ్చింది. చప్పుడు లేదు, ఆకు కదల్లేదు, ఉన్నట్టుండి నా ముందు ఉంది. మొహం ఆయన వైపు, పక్క నా వైపు. నారి లాగి వదిలాను. బాణం ముందుకాలి వెనక దిగింది. అది నాలుగడుగులు వేసి పడిపోయింది. పడి, కళ్ళు నా మీద పెట్టి, ఎవరో చిన్నపిల్ల గొంతుతో, “అమ్మా, నీళ్ళు” అంది.

మా పెంట పిల్ల గొంతు కాదు. ఎన్నేళ్ళ కిందటి పిల్లో, ఏ ఊరి పిల్లో. అది రెండోసారి అనబోయేలోగా ఆయన వచ్చి గొడ్డలితో ముగించాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, దుప్పుల అడుగుల వైపు చూపించాడు.

సాయంత్రానికి ఒక మగదుప్పిని కొట్టి బొంగుకు కట్టి తెచ్చాం. మా కూతురు మద్దిలి కార్జం కాల్చేదాకా ఆగలేక పొయ్యి దగ్గరే కూర్చుంది. దానికి అయిదు నిండాయి. నోరు నాదే వచ్చింది, చేతులు వాళ్ళ నాయనవి. పడుకునేదాకా దాని ప్రశ్నలకు జవాబు చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. మా అమ్మ ఉంటే, ఇప్పుడు తెలిసిందా అని నవ్వి ఉండేది.

రోహిణి కార్తె, చివర్లో

భయంగా ఉంది. ముందుగా అది రాసేస్తే కాస్త తగ్గుతుందేమో.

ఈ రోజు ఆయన ఆకు పిలుపు పిలిచాడు. ఏమీ రాలేదు. చోటు మార్చి మళ్ళీ పిలిచాడు. ఏమీ రాలేదు. మూడో చోట పిలిచి ఆపిన తర్వాత, ఎదుటి కొండ మీద నుంచి దుప్పిపిల్ల ఏడుపు వినబడింది. నిజంగానే పిల్ల తప్పిపోయిందేమో, తల్లి వస్తుందేమో, ఆ తల్లినైనా కొట్టొచ్చని నేను విల్లెత్తి రెండడుగులు అటు వేశాను కూడా. అప్పుడు ఆ ఏడుపు మధ్యలో తెగింది. చిన్నగా, వెక్కినట్టు.

దుప్పిపిల్లకు విరిగిన పన్ను ఉండదు కదా. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది దుప్పిని పిలవడం లేదు, మమ్మల్ని పిలుస్తోంది. ఆకు ఊదితే మేం ఎక్కడ కూర్చుంటామో, ఊదితే ఎవరు వస్తారో దానికి తెలుసు. ఆయన నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. కంచె దాకా ఇద్దరం వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చాం.

తిమ్మప్ప తాతకు చెప్పాం. మా పెంటకు పెద్ద ఆయనే. ఉబ్బసం మనిషి, మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటాడు. ఇంక పిలుపు వేట వద్దన్నాడు. మరి వానల సంగతేమిటని అడిగాను. వానాకాలం మబ్బుకు పలకలు సరిగ్గా పని చేయవు, కంచె బలం తగ్గుతుంది, ఎవరూ కంచె దాటి వేటకు పోలేరు. అన్నాళ్ళకు సరిపడా వరుగులు ఉండాలి. బుట్టలు సగం కూడా నిండలేదు. చివరికి తాత, పిలవకుండా ఒక్క దుప్పిని మాత్రం కొట్టుకు రమ్మన్నాడు, అదీ మబ్బు పట్టకముందే.

తాత ఇంటి గోడకు ఒక తుపాకి వేలాడుతూ ఉంటుంది. దాంతో ఒకటి రెండింటిని లేపేస్తే పోలా అన్నాను. అది పేలితే మూడు కొండల అవతలి గుంపులు కూడా వస్తాయని నాకు తెలియక కాదు, భయం అలా మాట్లాడించింది. తాత కోప్పడలేదు.

“ఆకు పాతబడిపోయిందమ్మా. కొత్త గొంతు దొరికితే తప్ప అవి ఇంక దేనికీ రావు. మనిషి కొత్త గొంతు ఇనబడితే మాత్రం నోటికాడి కూడు ఇడిసిపెట్టి వస్తాయి” అన్నాడు.

రోహిణి కార్తె, ఆఖరి రోజు

మధ్యాహ్నం కాశమ్మ గొంతు వచ్చింది, కంచె అవతలి తునికి చెట్ల నుంచి.

“కోడలా, బిడ్డకు పాలు పట్టినావా?”

కాశమ్మ నా పక్కనే ఉంది, ఇద్దరం జొన్నలు చెరుగుతున్నాం. చేట ఆపి అటే చూసింది. ఆ మాట మళ్ళీ వచ్చినప్పుడు దానితో పాటు ఆమె పెదాలు కూడా కదిలాయి, చప్పుడు లేకుండా. ఆ గొంతులో ఉన్నది అప్పటి కాశమ్మ. ఈమె జుట్టు ముగ్గుబుట్ట అయింది, అది మాత్రం అలాగే ఉంది.

మద్దిలి కంచెకు దగ్గరగా బొమ్మరిల్లు కట్టుకుంటోంది. చీకట్లో ఎవరైనా పిలిస్తే మూడోసారికి గానీ పలకకూడదని, దయ్యం రెండుసార్లే పిలుస్తుందని మా ముత్తవ్వల మాట. దయ్యాల సంగతి నాకు తెలియదు, గొంతుదొంగలు మూడుసార్లు పిలవడం ఎప్పుడో నేర్చుకున్నాయి. కానీ పిల్లలకు అది ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మూడోసారి కాశమ్మ గొంతు వినబడగానే మద్దిలి పలకడానికి నోరు తెరిచింది. నేను జొన్నలన్నీ ఒలకబోసుకుని ఎగిరి వెళ్ళి దాని నోటి మీద అరచెయ్యి అదిమాను. దాని పళ్ళు నా చేతికి గుచ్చుకున్నాయి.

ఇంట్లోకి తీసుకెళ్ళాక ఏడుస్తూ అడిగింది, ఎవరు పిలిచినా పలకకూడదా అని. ఎవరు పిలిచినా వద్దన్నాను.

“నువ్వు పిలిస్తే?”

“నేను పిలిస్తే పలుకు. ఒక్కసారి పిలిస్తే చాలు, పలకాల. మీ అమ్మను కదా.”

అది సమాధానపడింది. రేపు పొద్దున్నే దుప్పికి వెళ్తున్నాం. ఆయన విల్లు నారి మైనంతో రుద్దుతున్నాడు. ఆకాశం మీద చిన్న మబ్బుతునక కనిపించింది, ఆయనా చూశాడు.

మృగశిర కార్తె, వాన వెలిసిన రోజు

వరసగా రాయాలి. లేకపోతే నా మనసు నిలవదు.

దుప్పి దొరికేసరికి పొద్దు వాలింది. నా బాణం బాగానే తగిలింది, కానీ అది పరుగెత్తి, రెండు గట్ల మధ్య లోతుగా ఉన్న గెడ్డలోకి దిగి పడిపోయింది. దాన్ని ఎత్తుకోవడానికి మేం కూడా గెడ్డలోకి దిగాం. దిగకూడదు. గెడ్డలో గాలి తిరుగుతూ ఉంటుంది, బూడిద వదిలితే ఒకసారి ఇటు, ఒకసారి అటు పోయింది.

ఆయన దుప్పిని భుజానికెత్తుకున్నాడో లేదో, ఎదుటి నుంచి కాశమ్మ గొంతు వచ్చింది. “కోడలా.” ఎడమ పక్క దుప్పిపిల్ల ఏడ్చింది. వెనక నుంచి, మధ్యలో తెగే ఆ ఆకు పిలుపు. మూడు పక్కలా పిలుపులు, ఒక పక్క ఖాళీ. మేం దుప్పుల్ని తోలేటప్పుడు ఒక పక్క ఖాళీ వదులుతామే, అలాగే. ఆయనకూ అర్థమైంది. ఖాళీ పక్కకు వెళ్ళకుండా, నన్ను పెంట వైపు గట్టు మీదికి నెట్టి, తాను దుప్పిని లాక్కుంటూ ఆ గట్టుకు ఎదురు దిక్కుకు పరుగెత్తాడు. నెత్తురు వాసన తన వెంట తీసుకుపోయాడు. అవి అటు తిరిగాయి.

గట్టు మీద నుంచి చూశాను. ఆయన దుప్పిని వదిలేసి ఏగిస చెట్టు ఎక్కుతున్నాడు. ఒకటి ఎగిరి పిక్క పట్టుకుంది. పిక్క ఊడొస్తున్నా ఆయన నోట్లోంచి చిన్న మూలుగు కూడా రాలేదు. నా దగ్గర రెండే బాణాలు మిగిలాయి. ఒకటి దాని తొడలో దిగింది, అది వదిలి కుంటుకుంటూ పొదల్లోకి పోయింది. రెండోది తప్పింది. ఆయన కొమ్మ పట్టుకుని పైకి పాకి, నన్ను వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపాడు. వెళ్ళాను. ఆ పరుగు నాకు గుర్తు లేదు.

పెంటలోకి వచ్చి తాతకు చెబుతుండగానే మబ్బు కమ్మింది. కంచె తీగ ఎప్పుడూ గుయ్‌మని మోగుతూ ఉంటుంది, ఆ మోత సన్నబడిపోయింది. వాకిలి మంచె ఎక్కి చూశాను. గెడ్డ దూరమేమీ కాదు, ఏగిస చెట్టు తల కనిపిస్తోంది. అది కదలడం లేదు. ఆయన ఉన్నాడో పోయాడో తెలియదు. అప్పుడు చెట్టు మీద నుంచి తెల్లగా ఒక పొగలాంటిది లేచింది. బూడిద. గొంతుదొంగలు గొంతు దొంగిలించగలవు కానీ బూడిద చల్లలేవు. మనిషి బతికే ఉన్నాడు. కాసేపటికి ఇంకోసారి లేచింది, మొదటిదానికంటే తక్కువ. ఆ సంచిలో ఎంత బూడిద పడుతుందో నాకు తెలుసు, నింపింది నేనే.

వాన వస్తే కొమ్మ జారుతుంది. నెత్తురు పోతున్న మనిషి ఎంతసేపు పట్టుకుంటాడు? కింద గుంపంతా కూర్చుని ఉంది. తుపాకి పేల్చడానికి లేదు, ఆకు పాతబడిపోయింది. తన గొంతు ఇస్తానని తాతే ముందన్నాడు. ముసలి గొంతు, పోతే ఏమిటన్నాడు. ఆ మాట అనడానికే మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు. ఆ గొంతు గెడ్డ దాకా ఏం పోతుంది, వాకిలి దాటదు. నాకు ఆ భయంలోనూ నవ్వొచ్చింది. గెడ్డ దాకా పోగల నోరు ఆ పెంటలో ఒక్కటే ఉందని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

“బాగా ఆలోచించుకో సుంకులూ. మళ్ళ ఇంట్లో కూడా మాట ఉండదు. బిడ్డుంది నీకు” అన్నాడు తాత.

“బిడ్డకు నాయన కూడా ఉండాల కదా తాతా.”

ఈ జన్మకు నేను కంచె లోపల మామూలుగా మాట్లాడిన ఆఖరి మాట అదే. అప్పుడు అంత ఆలోచించలేదు.

తాత వెనక వాకిలికి వెళ్ళాడు, వాగు పక్కది. నేను గుంపును ఇటు రప్పిస్తే మా ఆయన చెట్టు దిగి వాగు వెంబడి చుట్టు తిరిగి అటు వస్తాడు. రావాలని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, నేను పిలుస్తుంటే ఎందుకు పిలుస్తున్నానో ఆయనకు తెలుస్తుంది. మద్దిలిని ఇంట్లో పట్టుకుని ఉండమని కాశమ్మకు సైగ చేశాను. బాణాలు తెచ్చుకున్నాను. ఒక్కటే గట్టిగా అనుకున్నాను. ఏం మాట్లాడినా సరే, పిల్ల పేరు మాత్రం నా నోట రాకూడదు. నేను అన్న ప్రతి మాటా తర్వాత అడవిలో తిరుగుతుంది.

మంచె మీద నిలబడి నోరు తెరిచాను. ఇన్నేళ్ళుగా మింగిన మాటల్లో ముందు ఏది అనాలో తేలలేదు. కళ్ళు మూసుకున్నాను.

“మామా” అన్నాను, గట్టిగా. “మామా, ఇంటికి రా.”

అడవిలో దుప్పిపిల్ల ఏడుపు టక్కున ఆగిపోయింది. కాశమ్మ గొంతు ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. తర్వాత నోరు దానంతట అదే నడిచింది. ఆయన గురక గురించి తిట్టాను. పెళ్ళినాడు తాళి కట్టడానికి చేతులు వణికి మూడుసార్లు ముడి జారిపోయిన సంగతి చెప్పాను. మా అత్త పులుసులో ఉప్పు, మా ఇంటి కప్పులో చిల్లు, ఏదొస్తే అది. మాటలు కోటలు దాటతాయంటారు. నా మాటలు కంచె దాటి, గెడ్డ దాటి పోతుంటే చెవులతో వింటున్నాను.

వచ్చాయి. గాలివాటున చుట్టు తిరిగి, ఒకటి వెనక ఒకటి, తునికి చెట్ల చాటు నుంచి. మాట ఆపకుండా నారి లాగడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ముందుదాన్ని కొట్టాను, పడింది. మిగతావి పారిపోతాయనుకున్నాను. పారిపోలేదు. కూర్చున్నాయి. తలలు పక్కకు వాల్చి, కథ చెబుతుంటే పిల్లలు విన్నట్టు విన్నాయి. ఇంకోదాన్ని కొట్టాను. పక్కది దాని వైపు చూడను కూడా లేదు, నా నోటి వైపే చూస్తోంది. చూస్తూ చూస్తూ, “మామా” అంది.

నా గొంతు. నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను, కింద నుంచి నా గొంతే నాకు వినబడుతోంది. బాణం చేతిలోంచి జారిపోయింది. పెద్దదొకటి లేచి వచ్చి తీగకు ముక్కు ఆనించింది. చురుక్కుమని వెనక్కి దూకింది. మళ్ళీ ఆనించింది, ఈసారి అంత దూరం దూకలేదు. మూడోసారి భుజం పెట్టి నెట్టింది. నేను ఇంకా గురక గురించే మాట్లాడుతున్నాను.

అప్పుడు వాగు పక్క ఆయన కనిపించాడు. కర్ర ఊతగా కుంటుతూ వస్తున్నాడు. తాత వెనక వాకిలి తీసి పట్టుకున్నాడు. నా మనసులో, అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాను.

మద్దిలి నా గొంతు విన్నది. ఎప్పుడూ ఇల్లు దాటి గట్టిగా వినబడని అమ్మ గొంతు. కాశమ్మ చేతులు విడిపించుకుని బయటికొచ్చింది, నాయన్ని చూసింది, తెరిచి ఉన్న వాకిట్లోంచి ఆయన వైపు పరుగెత్తింది. తాత చెయ్యి చాచేలోగా దాటిపోయింది. కాశమ్మ వెనకాలే వస్తోంది, నోరు బార్లా తెరిచి ఉంది, అందులోంచి ఏమీ రావడం లేదు. ఆమె కేకేయగలిగితే నేను వేసేదాన్ని కాదు. కానీ ఇన్నేళ్ళ మౌనం ఆమె గొంతును బిగించేసింది. మంచె మీద నుంచి నాకు కనిపించింది, వాళ్ళెవరికీ కనిపించలేదు. పిల్లకూ నాయనకూ మధ్య పొదలో ఒకటి పడుకుని ఉంది. నా బాణం తొడలో ఉన్నది, నడవలేక గుంపుతో రానిది.

“మద్దిలీ, ఆగు.”

ఆగింది. ఒక్కసారి పిలిస్తే పలకాలని నేను చెప్పాను కదా, ఒక్కసారికే ఆగింది. పొదలోంచి అది లేచేసరికి ఆయన కర్రతో దాని నెత్తి మీద కొట్టి, పిల్లను చంకనెత్తుకుని వాకిట్లో పడ్డాడు. తాత వాకిలి మూశాడు.

నేను నోరు మూసుకున్నాను. నా ముందు ఉన్నవి, తీగను నెడుతున్నది కూడా, కాసేపు ఎదురుచూసి, ఇక ఏమీ రాదని తెలిసి, మెల్లగా లేచి వెళ్ళిపోయాయి. వాన మొదలైంది. మంచె దిగుతుంటే చెట్లలోంచి వినబడింది, నా గొంతుతో, నేను అన్నట్టే.

“మద్దిలీ, ఆగు.” మళ్ళీ ఇంకోసారి. మళ్ళీ ఇంకోసారి.

ఆరుద్ర కార్తె

దుప్పి గెడ్డలోనే పోయింది. చచ్చిన గొంతుదొంగల్ని మేం తినం, మన మాటలు తిన్న నోరది. కంచె లోపల దొరికే గడ్డలు తవ్వుకుని, జొన్నగటకతో నెట్టుకొస్తున్నాం. ఆయన కాలు మానుతోంది, వంకర మాత్రం ఉండిపోతుందట.

ఇంట్లో మాట్లాడే పని ఇప్పుడు ఆయనది. పాపం, చూస్తే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. పిల్లకు కథ చెప్పమంటే, ఒక రాజుండె, వేటకు పోయె, వచ్చె అని ముగిస్తాడు. అది ఒప్పుకోదు, ఎందుకు పోయె, ఏం తెచ్చె అని పీకుతుంది. రాయికి నోరు తెప్పిస్తోంది. నేను పక్కన కూర్చుని ఆ కథ ఎలా చెప్పాలో లోపలే చెప్పుకుంటూ ఉంటాను.

పడుకునేటప్పుడు నోటికి గుడ్డ కట్టుకుంటాను. నిద్రలో కలవరిస్తానేమోనని భయం. ఒక్క రాత్రి నేను నిద్రలో దాని పేరు పిలిచి, అది పలికిందంటే, మర్నాడు బయటి గొంతుకు కూడా పలుకుతుంది. గుడ్డ కింద పెదాలు ఒరిసి పుండ్లయ్యాయి. కాశమ్మ ఆముదం తెచ్చి రాసింది. ఇప్పుడు మేమిద్దరం చేతులతో చాలా మాట్లాడుకుంటాం, ఆమె ఇంత మాటకారి అని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

రోజూ కంచె అవతల నేను వస్తాను. ఆయన గురకను తిడతాను, మా అత్త పులుసును తిడతాను. మా ఇంటి కప్పులో చిల్లు సంగతి అడవికంతా తెలుసు. మొదట్లో అవి నేను అన్న మాటలే అన్న వరసలో అనేవి. నిన్నటి నుంచి అలా కాదు. ముక్కలు విడదీసి అతుకుతున్నాయి. నేను ఎన్నడూ అనని మాట నా గొంతుతో నిన్న విన్నాను.

“మద్దిలీ, ఇంటికి రా.”

అది విన్న దగ్గర్నుంచి నాకు అన్నం దిగడం లేదు. ప్రేమగా ఉంది ఆ పిలుపు. మామా ఇంటికి రా అన్నప్పుడు నా గొంతులో ఎంత ప్రేమ ఉందో అంతా అందులో ఉంది. నేను పిలిచినా అంత బాగా పిలవలేను.

ఈ రోజు వాన తెరిపిచ్చింది. ఆయన మద్దిలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు. ఆయన అంతసేపు మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు.

“అమ్మ పిలిస్తే?”

“పలకను.”

“మూడుసార్లు పిలిస్తే?”

“పలకను.”

“ఎందుకు పలకవు?”

“అమ్మ మాట్లాడదు. మాట్లాడితే అమ్మ కాదు.”

ఆయన దాని తల నిమిరాడు. నేను మొహం పొయ్యి వైపు తిప్పుకుని పుల్లలు ఎగదోశాను. సాయంత్రం మద్దిలి వాకిట్లో ఆడుకుంటుంటే తునికి చెట్ల నుంచి వచ్చింది. మద్దిలీ, ఇంటికి రా అని, ఎంతో బుజ్జగింపుగా, మూడుసార్లు. పిల్ల ఆట ఆపింది. చెట్ల వైపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, మట్టి చెయ్యి నా నోటి మీద పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. పిలుపు మళ్ళీ వచ్చింది. దాని అరచేతి కింద నా పెదాలు కదలలేదు.

“అమ్మ కాదు నాయినా” అని వాళ్ళ నాయనకు చెప్పి, మళ్ళీ ఆటకు వెళ్ళిపోయింది.